కార్తహేనా వెళ్ళినవాళ్ళు ఉన్నారా? అమ్మానాన్నలతో, పిల్లాడితో థాంక్స్‌గివింగ్ ట్రిప్

ఎడిసన్ సుబ్బు
శుక్రవారం రాత్రి

అందరికీ నమస్తే. థాంక్స్‌గివింగ్ సెలవులకి ఈసారి కొలంబియాలోని కార్తహేనా అనుకుంటున్నాం. మా ఆవిడ రీల్స్‌లో రంగురంగుల గోడలు, బాల్కనీల నిండా కాగితం పూల తీగలు చూసి ఫిక్సయిపోయింది. నాకు పాత కోటలంటే ఇష్టం. తొమ్మిదేళ్ళ మావాడికి పడవ, నీళ్ళు ఉంటే చాలు. అమ్మానాన్న భీమవరం నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు, వాళ్ళనీ తీసుకెళ్తున్నాం. నాన్నకి మోకాళ్ళ నొప్పి. అమ్మ పూర్తి శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు.

ఊళ్ళో తప్పకుండా చూడాల్సినవి ఏంటి? బయట కొంచెం సాహసం లాంటివి ఏమున్నాయి? ఏవి వదిలేయొచ్చు? కొలంబియా అనగానే నాన్న కంగారు పడుతున్నారు, అది కూడా కాస్త చెప్పండి.

కాకినాడ కెరటం
శుక్రవారం రాత్రి

సుబ్బు గారూ, ముందే చెప్తున్నా, తర్వాత నన్ను తిట్టుకోవద్దు. కరీబియన్ ఊరు కదా, హోటల్ దిగగానే నీలం నీళ్ళు, తెల్ల ఇసుక అనుకుని వెళ్ళేవాళ్ళే అక్కడ ఎక్కువ నిరాశపడతారు. పెద్ద పెద్ద హోటళ్ళుండే బోకాగ్రాండే బీచ్‌లో ఇసుక బూడిద రంగు, నీళ్ళు మసక మసకగా ఉంటాయి. పక్కనున్న అఖాతంలోకైతే కనాల్ దెల్ దీకె అనే పాత కాలువ మగ్దలేనా నది మట్టినంతా తెచ్చి పోస్తుంది. దానికి తోడు మీరు కూర్చోగానే ఒకావిడ వచ్చి అడగకుండానే భుజాలు పిసకడం మొదలుపెట్టి, అయిపోయాక డబ్బులు అడుగుతుంది. మొదట్లోనే గట్టిగా "నో, గ్రాసియాస్" అనేసి ముఖం తిప్పుకోవాలి.

నీలం నీళ్ళు కావాలంటే రోసారియో దీవులకి పడవెక్కాల్సిందే. పాత ఊరి పక్కనే ఉన్న లా బోదెగీతా రేవు నుంచి పొద్దున్నే బయల్దేరతాయి. గంట పైచిలుకు ప్రయాణం. ఆ దీవుల చుట్టూ ఉన్న పగడపు దిబ్బలన్నీ 1977 నుంచి జాతీయ పార్కు. అందుకే పడవ టికెట్ కాకుండా రేవు రుసుము, పార్కు రుసుము విడిగా కట్టాలి. ప్యాకేజీ చెప్పేటప్పుడు ఈ రెండూ దాదాపుగా ఎవరూ కలిపి చెప్పరు.

డాలస్ తమ్ముడు
శనివారం పొద్దున

అన్నా, కోటలూ దీవులూ తర్వాత, కాగితాలు ముందు. భారత పాస్‌పోర్టు ఉన్నా అమెరికా వీసా లేదా గ్రీన్ కార్డు ఉంటే కొలంబియాకి విడిగా వీసా అక్కర్లేదు, 90 రోజుల వరకు ఉండనిస్తారు. కానీ ఆ అమెరికా వీసాకి ఇంకా కనీసం 180 రోజుల గడువు ఉండాలి. అమ్మానాన్నలది పదేళ్ళ విజిటర్ వీసా అయితే చింత లేదు. మీ ఇద్దరిదీ హెచ్‌1బీ అయితే పాస్‌పోర్టులోని వీసా స్టాంపు గడువు తేదీ ఇప్పుడే తీసి చూడండి.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. స్టాంపు గడువు అయిపోయి ఐ-797 (హెచ్‌1బీ మంజూరు కాగితం) మీద నడుస్తున్నవాళ్ళు కెనడాకో మెక్సికోకో నెలలోపు వెళ్ళొస్తే ఆటోమేటిక్ రీవాలిడేషన్, అంటే పాత స్టాంపుతోనే తిరిగి రానిచ్చే వెసులుబాటు, పనిచేస్తుంది కదా, కరీబియన్ కూడా అలాగే అనుకుంటారు. కార్తహేనా కరీబియన్ తీరంలో ఉన్నా దేశం దక్షిణ అమెరికాలోది. ఆ వెసులుబాటు అక్కడికి వర్తించదు. తిరిగి రావాలంటే ముందు కాన్సులేట్‌లో స్టాంపింగ్ కోసం కూర్చోవాలి. నా రూమ్మేట్ టికెట్లు కొన్నాక ఈ సంగతి తెలిసి అంతా క్యాన్సిల్ చేసుకున్నాడు.

చెక్-మిగ్ అని కొలంబియా ఇమిగ్రేషన్ ఫారం ఒకటి ఉంటుంది, ప్రయాణానికి 72 గంటల ముందు నుంచి ఆన్‌లైన్‌లో నింపొచ్చు. ఉచితం. డబ్బులు అడిగిందంటే అది ప్రభుత్వ సైటు కాదు. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి బుక్ చేసే ముందు కాన్సులేట్ సైటు ఒకసారి చూసుకోండి.

ఓరుగల్లు పిల్ల
శనివారం పొద్దున

నేను బొగోటాలో ఉద్యోగం చేస్తున్నాను. కార్తహేనాకి తరచూ వెళ్తుంటాను, మా ఆఫీసు వాళ్ళ పెళ్ళిళ్ళన్నీ అక్కడే.

అంకుల్‌కి చెప్పండి, పాత ఊరు, హెత్సెమని పేట, బోకాగ్రాండే మూడూ పర్యాటకులతో కిటకిటలాడుతుంటాయి, పోలీసులూ కనిపిస్తూనే ఉంటారు. ఫోన్ చేతిలో ఊపుకుంటూ నడవొద్దు, పాత ఊరి చుట్టూ ఉన్న కోట గోడల మీద రాత్రి నిర్మానుష్యంగా ఉన్నప్పుడు తిరగొద్దు. లా పోపా కొండకి టాక్సీలోనే వెళ్ళాలి, నడిచి ఎక్కొద్దు. ఆ దారిలో దొంగతనాలు జరుగుతాయి. గడియార స్తంభం ఉన్న గేటు దగ్గర రాత్రి పదయ్యాక మగవాళ్ళు ఒంటరిగా కనిపిస్తే దళారులు పక్కన చేరి ఏవేవో అమ్మజూపుతారు. కుటుంబంతో ఉంటే ఎవరూ కదిలించరు. టాక్సీలకి మీటర్లు ఉండవు, ఎక్కే ముందే రేటు మాట్లాడుకోవాలి. డాలరుకి నాలుగు వేల పెసోలకి అటూ ఇటూగా వస్తాయి, సున్నాలు చూసి కంగారు పడకండి.

అసలు శత్రువు దొంగలు కాదు, ఎండ. నవంబర్ చివరికి వానలు తగ్గుముఖం పడతాయి గానీ ఉక్కపోత మాత్రం ఉంటుంది. పొద్దున ఏడున్నర నుంచి పదిన్నర దాకా తిరగండి. ఆ తర్వాత నాలుగింటి వరకు ఏసీ గదిలోనో మ్యూజియంలోనో ఉండండి. మళ్ళీ సాయంత్రం బయటపడండి. మధ్యాహ్నం రెండింటికి కోట ఎక్కుదామనే ఆలోచన ఎవరికైనా వస్తే ఆపేయండి.

ఎడిసన్ సుబ్బు
శనివారం మధ్యాహ్నం

తమ్ముడూ, స్టాంపుల గడువు ఇంకా ఏడాదిన్నర ఉంది, బతికించావు! ఓరుగల్లు అమ్మాయి గారూ, మీ పోస్టు నాన్నకి చదివి వినిపించాను. "మరి ఆ దళారుల సంగతేంటి" అని అక్కడే ఆగిపోయారు. కోటకి ర్యాంపులా, మెట్లా? మోకాళ్ళకి కుదురుతుందా?

చరిత్ర పిచ్చోడు
శనివారం సాయంత్రం

కోట అన్నారు కాబట్టి నన్ను ఆపకండి.

సాన్ ఫెలిపె దె బరాహాస్ కోట సాన్ లాసరో గుట్ట మీద ఉంది. పైకి పోవడానికి ఎక్కువగా ఏటవాలు దారే. మీ నాన్నగారు ఆగి ఆగి ఎక్కగలరు, నీడ మాత్రం ఉండదు. తెరిచే వేళకే వెళ్ళండి. పైన జెండా దగ్గర గాలి బాగా వస్తుంది, అక్కడి నుంచి ఊరూ అఖాతమూ రెండూ కనిపిస్తాయి.

ఈ గుట్టని బయటినుంచి చూస్తే మట్టి రంగు రాళ్ళ దిబ్బలా ఉంటుంది, ఫొటోలో ఏమంత బాగుండదు కూడా. గొప్పతనమంతా లోపలి సొరంగాల్లో ఉంది. 1762 తర్వాత ఆంతోనియో దె అరేవలో అనే ఇంజినీరు ఈ కోటని ఇప్పుడున్న ఆకారానికి పెంచాడు. సొరంగాల్లో పక్కగోడల్లోకి చిన్న చిన్న గూళ్ళు ఉంటాయి. సైనికుడు అందులో నక్కి నిలబడితే వచ్చేవాడికి కనపడడు, వచ్చేవాడి అడుగు చప్పుడు మాత్రం వీడికి ముందే వినిపిస్తుంది. మీవాణ్ణి ఒక చివర నిలబెట్టి మామూలు గొంతుతో పేరు పిలవండి, రెండో చివర స్పష్టంగా వినపడుతుంది. కొన్ని సొరంగాలు కిందికి దిగుతూ పోతాయి, పైకప్పు తలకి తగిలేంత కిందికి ఉంటుంది, నేల తడిగా ఉంటుంది. మంచి బూట్లు వేసుకోండి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు లోతు సొరంగంలోకి దిగకపోవడమే మంచిది.

కోట ముందు ఒక విగ్రహం ఉంటుంది: ఒంటి కన్ను, ఒంటి చెయ్యి, ఒంటి కాలు. ఆయన బ్లాస్ దె లెసో, స్పెయిన్ నౌకాధిపతి. 1741లో బ్రిటిష్ అడ్మిరల్ ఎడ్వర్డ్ వెర్నన్ 180కి పైగా ఓడలు, పాతిక వేలకి మించిన మనుషులతో ఈ ఊరి మీదికి వచ్చాడు. లెసో దగ్గర యుద్ధనౌకలు ఆరే. వాటిల్లో కొన్నిటిని తానే ముంచేసి దారి మూసేశాడు. ముందు బ్రిటిష్ వాళ్ళదే పైచేయి అయింది. గెలిచేసినట్టే అని కబురు చేరి లండన్‌లో పతకాలు కూడా అచ్చు వేయించారు, లెసో మోకరిల్లి కత్తి అప్పగిస్తున్నట్టు బొమ్మతో! చివరికి ఈ గుట్ట దగ్గరే వాళ్ళ దాడి విరిగిపోయింది. లెసో కూడా ఆ ఏడే చనిపోయాడు.

అమెరికాలో ఉన్నవాళ్ళకి ఇంకో సంగతి. ఆ దండులో అమెరికన్ కాలనీల సైనికులూ ఉన్నారు. వాళ్ళలో ఒకడు జార్జ్ వాషింగ్టన్ అన్న లారెన్స్. తిరిగి వెళ్ళాక తన ఎస్టేటుకి ఆ అడ్మిరల్ పేరే పెట్టుకున్నాడు. మనం డీసీ వెళ్ళినప్పుడల్లా పిల్లల్ని తీసుకెళ్ళే మౌంట్ వెర్నన్ అదే.

కాకినాడ కెరటం
శనివారం సాయంత్రం

> మామూలు గొంతుతో పేరు పిలవండి, రెండో చివర స్పష్టంగా వినపడుతుంది

గోల్కొండలో కింద చప్పట్లు కొడితే పైన వినపడినట్టన్నమాట. మీరు ఇంత రాసి అసలుది వదిలేశారు. వెర్నన్ దండుని ఎక్కువగా చంపింది ఫిరంగులు కాదు, పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్).

చరిత్ర పిచ్చోడు
శనివారం సాయంత్రం

నిజమే, వేలల్లో పోయారు. వానలు మొదలైతే జ్వరాలు ముదురుతాయి, ఆలోపే ఊరు పట్టుకోవాలని వెర్నన్ తొందరపడింది అందుకే. లెసోకి ఆ సంగతి తెలుసు, ఎంత ఆలస్యం చేస్తే అంత లాభం.

డాక్టరమ్మ
శనివారం రాత్రి

పచ్చజ్వరం మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, ఇది చరిత్రలో అయిపోయిన విషయం కాదు. కొలంబియా ఇప్పటికీ పచ్చజ్వరం ఉన్న దేశాల జాబితాలో ఉంది. అలాంటి దేశం నుంచి బయల్దేరిన ఆరు రోజుల్లోపు భారత్‌లో దిగితే ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ అడుగుతారు. లేకపోతే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో పెట్టే అధికారం వాళ్ళకి ఉంది. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది. ఎయిర్‌పోర్టుకి వెళ్ళే ముందు రోజు వేయించుకుంటే ప్రయోజనం ఉండదు.

సుబ్బు గారి అమ్మానాన్నలు కార్తహేనా నుంచి అమెరికా వచ్చి, ఒక వారం దాటాక ఇండియా వెళ్తే ఈ సమస్య రాదు. అరవై దాటినవాళ్ళకి ఈ టీకాతో దుష్ప్రభావాల రిస్కు కొంచెం ఎక్కువ, కాబట్టి మీ డాక్టర్ని అడగకుండా వేయించొద్దు. ఇండియా నుంచి నేరుగా వెళ్ళేవాళ్ళు హైదరాబాద్‌లో అయితే నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేయించుకోవచ్చు.

టీకా ఉన్నా లేకపోయినా దోమల మందు మాత్రం బ్యాగులో ఉండాలి. అక్కడ డెంగీ కూడా ఉంది.

ఎడిసన్ సుబ్బు
ఆదివారం పొద్దున

అమ్మానాన్నల తిరుగు ప్రయాణం జనవరిలో. ధన్యవాదాలు డాక్టరు గారూ, ఇది నాకు తట్టనే లేదు.

ఒక డౌటు. టోటుమో అనే బురద అగ్నిపర్వతం వీడియో చూసి మావాడు గంతులేస్తున్నాడు. వెళ్ళొచ్చా?

మియాపూర్ మావయ్య
ఆదివారం పొద్దున

వెళ్ళకండి. డబ్బు దండగ.

కాకినాడ కెరటం
ఆదివారం పొద్దున

వెళ్ళండి. పిల్లాడు జన్మలో మర్చిపోడు.

మియాపూర్ మావయ్య
ఆదివారం మధ్యాహ్నం

వివరంగానే చెప్తాను. ఊరికి సుమారు 50 కిలోమీటర్లు. అగ్నిపర్వతం అంటే ఏదో ఊహించుకుంటాం, తీరా చూస్తే నాలుగైదు అంతస్తుల ఎత్తున్న మట్టి దిబ్బ. కర్ర మెట్లెక్కి పైకి పోతే బావి మూతంత గుంటలో పదీ పదిహేను మంది బురదలో తేలుతుంటారు. దిగగానే ఒకాయన పట్టుకుని మసాజ్ మొదలుపెడతాడు. ఇంకొకాయన మన ఫోన్లు తీసుకుని ఫొటోలు తీస్తాడు. కింద మడుగు దగ్గర ఆడవాళ్ళు బురద కడుగుతారు. ఒక్కొక్కరికీ విడివిడిగా టిప్పు. మొత్తం అయ్యేసరికి నా మూడ్ పోయింది.

కాకినాడ కెరటం
ఆదివారం మధ్యాహ్నం

మావయ్యా, ఆ టిప్పులు ముందే లెక్కేసుకుని చిల్లర విడివిడిగా కవర్లో పెట్టుకుంటే మూడ్ ఎందుకు పోతుంది? ఆ ఊరివాళ్ళకి జీతాలు ఉండవు, ఆ టిప్పులే ఆదాయం.

బురదలో దిగినప్పుడు ఎలా ఉంటుందో చెప్తా. గోరువెచ్చగా, చిక్కగా ఉంటుంది. కాళ్ళకి నేల తగలదు. మునిగిపోతామని ఒక్క క్షణం గుండె ఝల్లుమంటుంది, కానీ మునగాలన్నా మునగలేం, బురదే పైకి తేల్చేస్తుంది. పక్కకి తిరగాలంటే ఎవరో ఒకరు తోయాలి. అడుగునుంచి గ్యాసు బుడగ ఒకటి బుడుక్కుమని పైకొచ్చి వీపుకి తగులుతుంది. మా పాప ఆ బుడగల కోసం అరగంట కాచుకుని కూర్చుంది. పాత బట్టలు వేసుకోండి, ఉంగరాలు గొలుసులు హోటల్లో వదిలేయండి. కర్ర మెట్లు బురదతో జారతాయి కాబట్టి మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కింద కొబ్బరి బోండాం తాగుతూ కూర్చోవాల్సిందే.

శాకాహారి శారద
ఆదివారం రాత్రి

అమ్మగారి తిండి గురించి ఎవరూ మాట్లాడలేదు, కాబట్టి నేనే వచ్చాను.

ఆకలితో ఉండాల్సిన పని లేదు. కొబ్బరి పాలతో వండే అన్నం ఉంటుంది, అర్రోస్ కాన్ కోకో, కాస్త తియ్యగా గోధుమ రంగులో. దాంతో పాతకోనెస్, అంటే పచ్చి అరటికాయ ముక్కల్ని అణిచి రెండుసార్లు వేయించినవి. కర్రపెండలం వేపుడు. సువేరో అని పుల్లటి చిక్కటి పాల పదార్థం ఒకటి ఇస్తారు, మా అత్తగారు దాంతో అన్నం కలుపుకుని హాయిగా తినేశారు. చిక్కుడు గింజల కూరలో మాత్రం పంది మాంసం వేసి ఉండొచ్చు, అడగాలి. "సిన్ కార్నె, సిన్ పొల్యో, సిన్ పెస్కాదో, సిన్ వేవో" అని, అంటే మాంసం, చికెన్, చేప, గుడ్డు ఏవీ లేకుండా అని, నాలుగూ చెప్పండి. కార్నె వద్దంటే చికెన్ వేసి తెచ్చే హోటళ్ళు ఉన్నాయి. వీధిలో వేయించే అరేపాల్లో (మొక్కజొన్న పిండి రొట్టెలు) గుడ్డు ఉండేవి ఎక్కువ, జున్ను పెట్టినవి అడగండి. వేయించే నూనె అన్నిటికీ ఒకటే, ఆ పట్టింపు ఉంటే వీధి వేపుళ్ళు వదిలేయడమే.

పళ్ళ విషయంలో మాత్రం అమ్మగారు మిమ్మల్నే మించిపోతారు. అక్కడ నీస్పెరో అని అమ్మేది మన సపోటానే. అసలు సపోటా పుట్టిల్లు ఆ ప్రాంతమే, మనకి తర్వాత వచ్చింది. పాలతో జ్యూస్ చేసిస్తారు. పుల్ల మామిడికాయ ముక్కల మీద ఉప్పు, నిమ్మరసం పిండి గ్లాసుల్లో అమ్ముతారు. కారం మీరే తీసుకెళ్ళండి.

గడియార స్తంభం గేటు లోపల పోర్తాల్ దె లోస్ దుల్సెస్ అని వరండా ఉంది, వరసగా మిఠాయి అంగళ్ళే. గాజు సీసాల్లో చింతపండు ఉండలు, కొబ్బరి కోరుతో చేసిన కొకాదాలు. ఏది దేంతో చేశారో అడిగితే ఓపిగ్గా చెప్తారు.

చరిత్ర పిచ్చోడు
ఆదివారం రాత్రి

శారద గారూ, ఆ వరండా ముందున్న ప్లాసా దె లోస్ కోచెస్ మైదానంలోనే ఒకప్పుడు ఆఫ్రికా నుంచి తెచ్చిన మనుషుల్ని వేలం వేసేవాళ్ళు. స్పానిష్ అమెరికాలో బానిసల వ్యాపారానికి కార్తహేనా ప్రధాన రేవు. ఇప్పుడు అక్కడ ఐస్‌క్రీం తింటూ సెల్ఫీలు తీసుకుంటాం. తప్పని కాదు, పిల్లాడికి ఒక్క మాట చెప్పండి.

నాలుగు అడుగుల్లో సాన్ పెద్రో క్లవేర్ చర్చి. ఆయన జెసూట్ మతగురువు. బానిస ఓడ రేవుకి రాగానే నీళ్ళు, తిండి, మందులు పట్టుకుని లోపలికి దిగేవాడట. 1654లో పోయాడు, 1888లో సెయింట్‌గా ప్రకటించారు. ఆయన ఎముకలు బలిపీఠం కింద అద్దాల పెట్టెలో ఇప్పటికీ కనిపిస్తాయి, చిన్నపిల్లలు భయపడొచ్చు. ఇంకాస్త ముందుకెళ్తే ఇంక్విజిషన్ భవనం. 1610లో ఆ మతవిచారణ కోర్టు ఈ ఊళ్ళో పెట్టారు. ఇప్పుడు మ్యూజియం, మధ్యాహ్నం ఎండ తప్పించుకోవడానికీ పనికొస్తుంది.

ఓరుగల్లు పిల్ల
ఆదివారం రాత్రి

దీనికి కొనసాగింపుగా సాన్ బసీలియో దె పాలెంకె. ఇది కూడా ఊరికి సుమారు 50 కిలోమీటర్లే. బానిసత్వం నుంచి పారిపోయినవాళ్ళు కట్టుకున్న ఊరు. వాళ్ళ నాయకుడు బెంకోస్ బియోహోని 1621లో కార్తహేనాలో ఉరి తీశారు, ఊరు మాత్రం నిలిచింది. వాళ్ళ భాష, పాటలు, అంత్యక్రియల ఆచారాలు అన్నిటినీ కలిపి 2005లో యునెస్కో గుర్తించింది. ప్రపంచ బాక్సింగ్ చాంపియన్ ఆంతోనియో సెర్వాంతెస్, అందరూ పంబెలే అంటారు, ఈ ఊరివాడే. స్థానిక గైడుతో వెళ్తే సగం రోజు పడుతుంది.

పాత ఊళ్ళో రంగుల గౌన్లు వేసుకుని తలమీద పళ్ళ తట్టతో కనిపించే ఆడవాళ్ళు ఈ పాలెంకె నుంచి వచ్చినవాళ్ళే. ఫొటో తీస్తే డబ్బులు అడుగుతారు. చాటుగా తీసి జారుకోవడం బాగుండదు. పండు ముక్కలు కొని, అడిగి తీసుకోండి, రీల్స్‌కి అమ్మాయిలు ఫోజులు కూడా ఇస్తారు. మీ ఆవిడకి ఈ లైను చూపించండి.

మియాపూర్ మావయ్య
సోమవారం పొద్దున

ఇంతకీ ప్లాయా బ్లాంకా బీచ్ గురించి ఎవరూ చెప్పరేం? రోడ్డు మీదే వెళ్ళిపోవచ్చు, పడవ అక్కర్లేదు. ఇసుక తెల్లగా ఉంది, నాకు నచ్చింది.

కాకినాడ కెరటం
సోమవారం పొద్దున

నీళ్ళు బాగుంటాయి, కాదనను. ఆ బీచ్ ఉన్న బారూకి వంతెన పడ్డాక బస్సులన్నీ అక్కడికే. పది దాటాక ఇసుక కనపడదు, కుర్చీలే కనపడతాయి. ధర అడక్కుండా ఏ ప్లేటూ ముట్టుకోకూడదు. అక్కడికి వెళ్తే దారిలో ఉన్న పక్షుల పార్కు, అవియారియో నాసియోనాల్, కలిపి చూడండి. కాండోర్, హార్పీ గద్ద, ఫ్లెమింగోల గుంపు, మీవాడికి రోజంతా సరిపోతుంది.

నన్నడిగితే ఒక రాత్రి ఇస్లా గ్రాందెలో ఉండండి. రోసారియో దీవుల్లో పెద్దది అదే. పొద్దున వెళ్ళి మధ్యాహ్నం మూడింటికి వెనక్కి వచ్చే టూర్లలో దీవి తక్కువ, పడవ ఎక్కువ. రాత్రి ఉంటే సాయంత్రం టూరిస్టులంతా వెళ్ళిపోయాక ఒరికా అనే చిన్న ఊళ్ళో నడవొచ్చు. మడ అడవుల మధ్య చిన్న దోనెలో తీసుకెళ్తారు. కొమ్మలు రెండు వైపుల నుంచీ తలమీద కలిసిపోయి ఉంటాయి, తెడ్డు వేసేవాడు ఒక్కోచోట కొమ్మ పట్టుకుని దోనెని లాగుతాడు. చీకటి పడ్డాక లగూనా ఎంకాంతాదా అనే మడుగులోకి దిగి చెయ్యి ఆడిస్తే నీళ్ళు నీలంగా మెరుస్తాయి. నీళ్ళలో ఉండే సూక్ష్మజీవుల పని అది. వెన్నెల లేని రోజు చూసుకుని వెళ్ళండి, పౌర్ణమి నాడు ఏమీ కనపడదు.

పడవలో మీ నాన్నగారిని ముందు కూర్చోనివ్వకండి. చిన్న స్పీడు బోట్లు కెరటం మీద లేచి దబ్బున పడతాయి, ముందు వరసలో ఉన్నవాళ్ళ నడుము విరుగుతుంది. వెనక మోటారు దగ్గర కుదుపు తక్కువ. తిరుగు ప్రయాణం ఎంత పొద్దున్నే అయితే అంత మంచిది, మధ్యాహ్నానికి గాలి లేస్తుంది. డిసెంబర్ నుంచి మార్చి దాకా ఆ గాలి ఇంకా జోరు. మీరు నవంబర్‌లో కాబట్టి కొంత నయం.

చరిత్ర పిచ్చోడు
సోమవారం సాయంత్రం

దీవులకి పోయే పడవలన్నీ ఒక కోట పక్కనుంచే వెళ్తాయి, ఎవరూ తల తిప్పి చూడరు. తియెర్రాబోంబా దీవి కొసన బోకాచీకా దగ్గర ఉన్న సాన్ ఫెర్నాందో కోట అది. 1741లో ధ్వంసమైన సాన్ లూయిస్ కోట స్థానంలో కట్టింది. గుర్రపు నాడా ఆకారం, చుట్టూ కందకం, ఎదురుగా నీళ్ళలో సాన్ హోసె ఫిరంగి దిబ్బ. ఓడ వీటి మధ్య నుంచే రావాలి.

ఎందుకు ఇటునుంచే రావాలంటే, అఖాతానికి ఇంకో పెద్ద ద్వారం ఉండేది, బోకాగ్రాండే వైపు. 1770లలో అరేవలో దానికి అడ్డంగా నీటి అడుగున రాతి గోడ కట్టించి మూసేశాడు. ఆ గోడ ఇప్పటికీ నీళ్ళ కింద ఉంది. ఈరోజు వచ్చే క్రూయిజ్ ఓడలు కూడా చుట్టూ తిరిగి బోకాచీకా నుంచే రావాల్సి వస్తోంది. 250 ఏళ్ళ క్రితం ఒక ఇంజినీరు గీసిన గీత దాటలేకపోతున్నాయి! ఊరి గోడల మీద అందరూ సూర్యాస్తమయం ఫొటోలు తీసుకుంటారు గానీ నా లెక్కలో కార్తహేనా గొప్పదనమంతా ఈ నీళ్ళ కింది గోడే.

లా బోదెగీతా నుంచి బోకాచీకాకి పడవలు దొరుకుతాయి. కోటలో జనం ఉండరు. పక్కనే జాలరుల ఊరు, వేయించిన చేప, కొబ్బరన్నం పెడతారు. మెట్లు తక్కువ కాబట్టి మీ నాన్నగారికి సాన్ ఫెలిపె కన్నా ఇదే సుఖం.

శాకాహారి శారద
సోమవారం రాత్రి

మరి ఆ సూర్యాస్తమయం సంగతి కూడా చెప్పండి, సుబ్బు గారి ఆవిడ అలుగుతారు. సాంతో దొమింగో బురుజు వైపు వెళ్ళండి, కేఫ్‌లో కూర్చుంటే బిల్లు గట్టిగానే పడుతుంది. పక్కనే గోడ మీద ఉచితంగా కూర్చోవచ్చు, సూర్యుడు ఇద్దరికీ ఒకటే. ఉత్తరం వైపు లాస్ బోవెదాస్, 18వ శతాబ్దం చివర్లో కట్టిన గదుల వరస, ఇప్పుడు బొమ్మలూ సంచులూ అమ్మే కొట్లు. పచ్చలు చూపిస్తామని వీధిలో వెంటపడేవాళ్ళ దగ్గర మాత్రం ఏదీ కొనొద్దు.

రాత్రి ఎనిమిదికి హెత్సెమనిలో ప్లాసా దె లా త్రినిదాద్‌కి వెళ్ళండి. చర్చి ముందు అరుగుల మీద ఊరంతా కూర్చుని ఉంటుంది. పిల్లలు బంతి ఆడుతుంటారు, బళ్ళమీద తిండి అమ్ముతుంటారు. మావాడు ఆడుతున్న పిల్లల్లో కలిసిపోయి రానని మొండికేశాడు, భాష ఒక్క ముక్క రాదు.

చరిత్ర పిచ్చోడు
సోమవారం రాత్రి

1811 నవంబర్ 11న స్వాతంత్ర్యం కావాలని జనం కదిలింది ఆ పేట నుంచే. పెద్రో రొమేరో విగ్రహం ఆ చౌకులోనే ఉంది. ఏటా ఆ రోజుల్లో ఉత్సవాలు జరుగుతాయి, నురగ చల్లుకుంటారు, హోటళ్ళు దొరకవు. మీరు వెళ్ళేసరికి అయిపోతాయి.

ఎడిసన్ సుబ్బు
మంగళవారం రాత్రి

మీ అందరి మాటలూ కలిపి ఇలా అనుకున్నాం. మొదటి పొద్దున సాన్ ఫెలిపె, మధ్యాహ్నం హోటల్, సాయంత్రం పాత ఊరు. తర్వాతి రోజు పాలెంకె. ఆ తర్వాత ఇస్లా గ్రాందెలో ఒక రాత్రి. వెనక్కి వచ్చాక బోకాచీకా. టోటుమోకి నేనూ మావాడూ మాత్రమే, అమ్మానాన్న, మా ఆవిడ ఆ పూట ఊళ్ళోనే. ప్లాయా బ్లాంకా వదిలేశాం, మావయ్య గారు క్షమించాలి. ఆ పూట పెద్దవాళ్ళు ఎక్కువ నడవకుండా కాలక్షేపం ఏదైనా ఉందా?

ఓరుగల్లు పిల్ల
మంగళవారం రాత్రి

పార్కె సెంతెనారియో. గడియార స్తంభానికి ఎదురుగానే, చెట్ల నీడ, బెంచీలు. చెట్ల మీద స్లాత్‌లు (కొమ్మలకి వేలాడుతూ చాలా నెమ్మదిగా కదిలే జంతువులు) కనిపించొచ్చు, ఇగువానాలు (పెద్ద బల్లులు) కాళ్ళ దగ్గరే తిరుగుతాయి. తెల్ల జుట్టున్న చిన్న తీతీ కోతులు కూడా కనిపించొచ్చు, అవి కొలంబియాలో తప్ప అడవుల్లో ఇంకెక్కడా లేవు. తలెత్తి వెతకడానికి ఓపిక కావాలి, స్లాత్ ఆకుల్లో కలిసిపోయి ఉంటుంది. అక్కడ కూర్చున్న ఎవరినైనా "పెరెసోసో?" అని అడిగితే వేలెత్తి చూపిస్తారు.

ఒక చిన్న మార్పు చెప్పనా అన్నా. బోకాచీకాని చివర పెట్టొద్దు. ఆ రోజు వానో గాలో వచ్చి పడవలు ఆపేస్తే మళ్ళీ రోజు ఉండదు. పాలెంకె రోడ్డు ప్రయాణమే కదా, దాన్ని చివరికి జరిపి బోకాచీకాని రెండో రోజుకి తెండి.

ఎడిసన్ సుబ్బు
మంగళవారం రాత్రి

మార్చేశాం. నాన్న ఇప్పుడు దళారుల గొడవ మర్చిపోయి లెసో గురించి అడుగుతున్నారు, ఆ కన్ను ఎక్కడ పోయిందని.

చరిత్ర పిచ్చోడు
మంగళవారం రాత్రి

తూలోన్ దగ్గర, 1707లో. కాలు అంతకుముందే, మలగా నౌకా యుద్ధంలో, 1704. చెయ్యి బార్సెలోనా ముట్టడిలో. కార్తహేనాకి వచ్చేసరికే ఆయన అలా ఉన్నాడని చెప్పండి నాన్నగారికి.